అతుకు చివర బొటనవేలు

మీరెప్పుడైనా టైరు లోపలికి చెయ్యి పెట్టి తడిమారా? తడిమి ఉండరు. ఎవరు తడుముతారండీ... గాలి ఉందో లేదో కాలితో ఒక తన్ను తన్ని చూస్తాం, బండెక్కి వెళ్లిపోతాం. కానీ ఆ టైరు బయటి లోకంలోకి రాకముందు ఎవరో ఒకాయన దాన్ని లోపలా బయటా అరచేతులతో నిమిరి, 'సరే, ఇక పో' అని వదిలిపెట్టి ఉంటాడు. ఈ కథ అలాంటి ఒకాయనది. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని చెకింగాయన అనేవాళ్లు.

చెకింగాయనకి రిటైర్మెంటు దగ్గరపడింది. ఆయన మోకాళ్లు మాత్రం ఆయనకంటే ముందే రిటైరైపోయాయి. పొద్దున్నే లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టడానికే పెద్ద ఆలోచన చెయ్యాల్సి వచ్చేది. అయినా వెళ్లేవాడు. బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి వెచ్చగా టైర్లు వచ్చేవి. ఒక్కోదాన్నీ లాక్కుని, నెమ్మదిగా తిప్పుతూ, ఎడం చెయ్యి లోపల, కుడి చెయ్యి బయట పెట్టి తడిమేవాడు. ఎక్కడైనా గాలి బుడగ ఉందా, పొర లేచిందా, అతుకు విడిందా, అంతా వేళ్లే చెప్పేవి. అచ్చులోంచి అప్పుడే వచ్చిన టైరుకి ఒంటినిండా సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి. అవి అరచేతికి తగులుతుంటే, గడ్డం గీసుకోని మనిషి చెంప నిమిరినట్టుండేది ఆయనకి.

ఆ హాలుకి కిటికీల్లేవు. ఎండా దుమ్మూ తగిలితే పచ్చి రబ్బరు పాడైపోతుందని ముందునుంచీ పెట్టలేదట. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల ట్యూబులైట్ల వెలుతురే. గంధకం వాసన, వేడి ఆవిరి, కాలిన నూనె. అవతల వరసగా ప్రెస్సులు ఆవిరి వదులుతూ, 'హుష్ష్...' అని నిట్టూరుస్తుండేవి. కొత్తగా చేరినవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. పాతవాళ్లకి ఆ నిట్టూర్పుకీ తమ నిట్టూర్పుకీ తేడా తెలిసేది కాదు.

ఆ హాల్లోనే ఏడో నంబరు మెషిను మీద టైర్లు కట్టేవాడు ఆయన బావమరిది. అంటే ఇల్లాలికి సొంత తమ్ముడు. బుగ్గలో ఎప్పుడూ ఒక పిప్పర్‌మెంటు బిళ్ల ఉండేది కాబట్టి జనం అతన్ని పిప్పర్‌మెంటు అనే పిలిచేవాళ్లు. ఒక పని అయిపోయి ఇంకో పని మొదలుపెట్టే ముందు ఆ బిళ్లని ఎడం బుగ్గలోంచి కుడి బుగ్గలోకి మార్చేవాడు. పంటికి తగిలి 'టక్' మనేది. అంత చప్పుడులోనూ పక్క మెషినువాళ్లకి వినపడేది, అలవాటైపోయి.

టైరు కట్టడమంటే ఏముందనుకుంటాం, రబ్బరు కరిగించి అచ్చులో పోస్తారనుకుంటాం. కాదు. చొక్కా కుట్టినట్టే, ముక్క ముక్కా చేర్చి కడతారు. ముందు తిరిగే డ్రమ్ము మీద పల్చటి లోపలి పొర ఒకటి చుట్టాలి. గాలి బయటికి పోకుండా ఆపేది అదే. దాని రెండు కొసలూ ఒకదాని మీదికొకటి కొంచెం ఎక్కించి అతుకు వెయ్యాలి. టక్. దాని మీద దారాలు పరిచిన ఇంకో పొర. టక్. అటొకటి ఇటొకటి ఉక్కు తీగల రింగులు. టైరు చక్రాన్ని పట్టుకుని ఉండేది ఆ రింగులతోనే. టక్. పొర అంచుల్ని రింగుల మీదుగా మడిచి, పక్క గోడలు వేసి, ఉక్కు పట్టీలు చుట్టి, అన్నిటి పైన నేల తగిలే దళసరి రబ్బరు. దాన్నే పచ్చి టైరంటారు. అప్పటికి దానికి గీతలుండవు, అక్షరాలుండవు, జిగురుగా బుంగలా ఉంటుంది. ప్రెస్సులో పెట్టి, కడుపులోకి రబ్బరు సంచి దూర్చి, ఆవిరితో ఉబ్బించి ఉడికిస్తేనే అది టైరవుతుంది.

పిప్పర్‌మెంటుకి ఒక దురలవాటు. లోపలి పొర అతుకు మీద రోలరు తిప్పాక, అతుకు చివర ఎడమ బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. ఎప్పుడో కత్తి జారి ఆ వేలి కొస ఒకవైపు చెక్కుకుపోయింది. అందుకని ఆ గుంట సగం చంద్రుడిలా పడేది. అలా నొక్కకూడదు, రూలొప్పుకోదు. ప్రెస్సులో అంత ఒత్తిడికి అది దాదాపు చెరిగిపోయేది కూడా. ఎవరి కంటికీ కనపడేది కాదు. చెకింగాయన వేలికి మాత్రం అందేది. శనగ గింజ కూడా పట్టనంత గుంట. అది తగలగానే ఆయన లోపల్లోపల 'వచ్చావా బామ్మర్దీ' అనుకుని తర్వాతి టైరు లాక్కునేవాడు. రోజంతా వాళ్లిద్దరి పలకరింపు అదే.

టీ దగ్గర మాత్రం నోటితో మాట్లాడుకునేవాళ్లు.

"రిటైరయ్యాక ఏం చేస్తావు బావా?"

"పడుకుంటాను."

"పడుకుని?"

"లేవను."

"అయితే నాకూ పక్కన ఒక చాప వెయ్యించు. నేనూ వస్తా."

అలా నవ్వుకుంటూనే ఇద్దరూ గోడకి తలలానించి కళ్లు మూసుకునేవాళ్లు. ఆ రోజుల్లో మనుషులు తక్కువ, ఆర్డర్లు ఎక్కువ. డబుల్ షిఫ్టులు, ఆదివారాలు, అన్నీ కలిసిపోయాయి. షిఫ్టు ఇన్‌ఛార్జి ఒకాయన ఉండేవాడు, మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని తిరిగేవాడు. ఆయన పేరే స్టాప్‌వాచీ అయిపోయింది. ఎవరైనా చెమట తుడుచుకుంటే దానికీ టైము చూస్తాడని జోకు.

ఆ హాల్లో ఒక ఆచారం ఉంది, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. డ్రమ్ము తిరుగుతుండగా మెషినుని ఒంటరిగా వదలకూడదు. అందుకని షిఫ్టు మారేటప్పుడు, కొత్తగా ఎక్కేవాడు దిగేవాడి వీపు మీద అరచెయ్యి వేసి "తీసుకున్నా" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా దిగేవాడు కదలడు. కళ్లు మూతలు పడిపోతున్నా, కాళ్లు పీకేస్తున్నా, కదలడు. ఇంకొకటి కూడా ఉంది. ఎవరు మొదలుపెట్టిన టైరు వాళ్లే పూర్తి చెయ్యాలి. మధ్యలో ఆగిపోయిందా, కోసి పారెయ్యాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు.

ఒకరోజు పిప్పర్‌మెంటుని దింపడానికి రావాల్సినవాడు రాలేదు. జ్వరమో ఏదో. "ఇంకొక్క షిఫ్టు లాగెయ్యవయ్యా" అన్నాడు స్టాప్‌వాచీ. లాగాడు. ఆ షిఫ్టు చివర్లో ఏడో నంబరు మీద చప్పుడాగిపోతే, నిద్రపోతున్నాడనుకుని స్టాప్‌వాచీ కేకలేసుకుంటూ వెళ్లాడు. స్టూలు మీద కూర్చుని, డ్రమ్ముకి నుదురానించి ఉన్నాడు పిప్పర్‌మెంటు. లోపలి పొర చుట్టేసి ఉంది. అతుకు పడింది. ఒక రింగు ఎక్కింది. రెండో రింగు ఒళ్లో ఉంది, రెండు చేతులతో పట్టుకున్నాడు.

భుజం కదిపితే పక్కకి ఒరిగాడు. అంతే.

డాక్టరు గుండె అన్నాడు. చెకింగాయనకి మాత్రం అలసట అనే అనిపించింది. బావమరిదిని సాగనంపి వచ్చాక ఇల్లాలు పెద్దగా ఏడవలేదు. "నిద్ర చాలలేదండీ మా తమ్ముడికి" అని ఒక్క మాట అంది. ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగబడింది.

ఏడో నంబరు మీదికి ఎవరినెక్కించారనుకున్నారు? చెకింగాయన అల్లుడినే. అప్పటిదాకా అతను మిక్సింగులో ఉండేవాడు, రబ్బరులో నల్లపొడి కలిపే చోట. సాయంత్రం ఇంటికొస్తే కళ్లూ పళ్లూ తప్ప ఇంకేం కనపడేవి కావు. "మా ఆయన ఎవరో స్నానమయ్యాకే తెలుస్తుంది నాన్నా" అనేది కూతురు. వాళ్లిద్దరూ అదే ఇంట్లో పై వాటాలో ఉంటారు. కూతురు అప్పుడు ఏడో నెల కడుపుతో ఉంది. ఆ పొడి నుంచి బయటపడ్డాడు, బిడ్డని శుభ్రమైన చేతులతో ఎత్తుకుంటాడని అందరూ సంతోషించారు.

అల్లుడు మొదటిరోజు ఎక్కేటప్పటికి డ్రమ్ము మీద ఆ సగం టైరు అలాగే ఉంది. కత్తి తీశాడు కోసెయ్యడానికి. చెకింగాయన చూశాడు. ఆ అతుకు మీద వేలు పెట్టాడు. చివర సగం చంద్రుడు తగిలాడు, ఇంకా మెత్తగా.

"కొయ్యకు" అన్నాడు. "మా బావమరిది కట్టిన ఆఖరిది. పూర్తి చెయ్యి."

"రూలు కాదేమో మామయ్యా."

"నేనే కదా చెక్ చేసేది. కానియ్."

అల్లుడు కిందున్న రెండో రింగు తీసి ఎక్కించాడు. వీపు మీద చెయ్యి వెయ్యడానికి అక్కడ మనిషి లేడు. 'తీసుకున్నా' అనే మాట ఎవరూ అనలేదు. ఆ టైరు ప్రెస్సులో ఉడికి వచ్చాక చెకింగాయన దాన్ని లారీ ఎక్కించడానికి మనసొప్పక, తన బల్ల పక్కనే మూలకి దొర్లించి పెట్టుకున్నాడు. కాళ్లు లాగినప్పుడు దాని మీదే కూర్చునేవాడు.

తర్వాత కొన్నాళ్లు బెల్టు మీద టైర్లు వస్తూనే ఉన్నాయి. వేలికి ఆ గుంట తగులుతూనే ఉంది. బావమరిది పోకముందు కట్టిన సరుకులే అనుకున్నాడాయన. 'వచ్చావా బామ్మర్దీ' అనడానికి ఇప్పుడు అవతల మనిషి లేడు. అయినా ఒక ఓదార్పు. ఇంకో నాలుగు రోజుల్లో ఇవీ అయిపోతాయి కదా అని ఒక్కోదాన్నీ కొంచెం ఎక్కువసేపు నిమిరేవాడు.

అయిపోలేదు.

పచ్చి టైరు ఎక్కువ రోజులు నిలవుండదు, ఎండిపోతుంది. వారం దాటింది. పాత సరుకు ఉండే అవకాశమే లేదు. అయినా ఏడో నంబరు నుంచి వచ్చే ప్రతి టైరులోనూ అతుకు చివర అదే గుంట. వాలుగా, సగం చంద్రుడిలా. అల్లుడి బొటనవేలు నిండుగా గుండ్రంగా ఉంటుంది. ఆయన చూసి మరీ నిర్ధారణ చేసుకున్నాడు. అన్నం తింటుంటే కంచం మీంచి ఆ వేలునే చూస్తుంటే, ఇల్లాలు "అల్లుడి చెయ్యి దిష్టి కొట్టేలా చూస్తున్నారేంటండీ" అంది కూడా.

అల్లుడు రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. కళ్ల కింద నల్లటి చారలు. మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయేవాడు. స్టాప్‌వాచీ మాత్రం మురిసిపోతున్నాడు.

"మీ అల్లుడిది బంగారం లాంటి చెయ్యండీ! పిప్పర్‌మెంటుకి దీటుగా కడుతున్నాడు. అదే స్పీడు, ఇంచు తేడా లేదు."

ఒకరోజు టీ దగ్గర అల్లుడే పక్కకి పిలిచాడు.

"మామయ్యా, ఒక మాట. నవ్వకూడదు."

"నవ్వే ఓపిక ఎక్కడుంది, చెప్పు."

"నేను పొర చుట్టి రోలరు అందుకునేలోపు... అతుకు పడిపోయి ఉంటోంది. మొదట్లో నేనే వేసి మర్చిపోయాననుకున్నా. ఇప్పుడు నా చేతులు కదులుతున్నాయి గానీ, కట్టేది నేను కాదు. అలుపు మాత్రం నాది. ఇద్దరి అలుపు." గొంతు బాగా తగ్గించాడు. "ఇంకోటి... పక్కనే టక్ టక్ మంటుంటుంది."

చెకింగాయన చేతిలో టీ చల్లారిపోయింది. పిల్లకి నెలలు నిండుతున్నాయి, వీడు చూస్తే చూస్తుండగా కరిగిపోతున్నాడు. 'నేను చేసిన పనే ఇది' అనుకున్నాడు. ఆ రింగు ఎక్కించమన్నది తనే. స్టాప్‌వాచీ దగ్గరికెళ్లి అల్లుణ్ని వేరే మెషినుకి మార్చమని బతిమాలాడు. "బంగారు బాతుని ఎవరైనా పక్క చెరువుకి తోలుతారా?" అని నవ్వి వెళ్లిపోయాడాయన.

ఇక మిగిలింది ఒకటే. ఆ రోజు కొయ్యనివ్వని టైరుని ఇప్పుడైనా కోసెయ్యాలి.

ఆ మధ్యాహ్నం పెద్ద వాన. రేకుల మీద చినుకుల మోత, పక్కవాడి మాట పక్కవాడికి వినపడటం లేదు. చెకింగాయన మూలనున్న టైరు దగ్గర వంగాడు. చివరిసారిగా ఒక్కసారి తడిమి చూసి టైర్లు కోసే కట్టరు దగ్గరికి దొర్లిద్దామని ఎడం చెయ్యి లోపలికి పెట్టాడు.

కరెంటు పోయింది.

కిటికీల్లేని హాలు. పగలని పేరేగానీ, కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. మెషిన్లు ఒక్కొక్కటీ మూలుగుతూ ఆగిపోయాయి. ఎక్కడో ఎవరో "జనరేటరూ..." అని అరిచారు. ఆ అరుపు కూడా వానలో కొట్టుకుపోయింది. చివరి ప్రెస్సు 'హుష్ష్...' అంది. తర్వాత అదీ లేదు.

ఆయన చెయ్యి ఇంకా టైరులోనే ఉంది.

చల్లగా ఉండాలది. రోజుల తరబడి మూలన పడున్న టైరు. వెచ్చగా ఉంది. గట్టిగా ఉండాలి. మెత్తగా... జిగురుగా... వేళ్లకి అంటుకుంటోంది. పచ్చి రబ్బరు. ఉడికిన టైరు మళ్లీ పచ్చిదవ్వడం ఎక్కడైనా ఉందా? గంధకం వాసనలోంచి సన్నగా ఇంకో వాసన వచ్చింది. చల్లటి వాసన.

పిప్పర్‌మెంటు.

చెయ్యి లాక్కుందామనుకున్నాడు. రాలేదు. వేళ్లు వాటంతటవే అతుకు వెంట పాకుతున్నాయి... చివరికి... గుంట దగ్గరికి.

గుంట లేదు. ఆ చోట ఒక వేలుంది.

వెచ్చటి బొటనవేలు. కొస చెక్కుకుపోయిన వేలు. ఆయన అరచేతిని మెల్లిగా నొక్కింది... రోజంతా పలకరించుకునేవాళ్లు కదా, అలాగే.

"బావా..."

చెవిలో కాదు. టైరులోంచి. బోలు గొంతు, గుసగుస.

ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"దిగుదామంటే... ఎవరూ రాలేదు బావా..."

"నువ్వు... నువ్వు పోయావురా" అన్నాడు చెకింగాయన, ఏడుపో మాటో తెలియని గొంతుతో. "పడుకోరా. చాలు, ఇక పడుకో."

"రెండో రింగు ఎవరెక్కించారు?"

వాన. చీకటి. వేలు అరచేతిని వదలడం లేదు. చెప్పకూడదని ఆయనకి తెలుసు. కానీ ముప్పై ఏళ్లుగా ఆ వేలితో అబద్ధమాడలేదు.

"అల్లుడు" అనేశాడు.

తర్వాత... టక్.

"పాపం... వాడూ అలిసిపోయాడు బావా. ఇక్కడంతా అలిసిపోయినవాళ్లే. నువ్వూ అంతే." వేలు మెల్లిగా పక్కకి జరిగింది. "అలుపు తెలియని చెయ్యి ఒక్కటి... దొరికితే దిగిపోతా..."

లైట్లు వెలిగాయి.

మెషిన్లన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. టైరు మామూలు టైరే. చల్లగా, గట్టిగా, నల్లగా. చెకింగాయన మాత్రం నేల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. స్టాప్‌వాచీ అటుగా వచ్చి, "కరెంటు పోతే ఇదే సందని కూర్చున్నారా?" అన్నాడు. చెకింగాయన లేచి, ఆ టైరుని దొర్లించుకుంటూ వెళ్లి కట్టరు కింద పెట్టి మీట నొక్కాడు. కత్తి దిగింది. రింగు తెగినప్పుడు 'టంగ్' మని మోగింది. నాలుగు ముక్కలు చేశాడు. ముక్క ముక్కా తిరగేసి లోపలివైపు తడిమాడు. అతుకు ఉంది. చివర గుంట లేదు. నున్నగా ఉంది.

మర్నాటి నుంచి బెల్టు మీదికి వచ్చిన టైర్లలోనూ లేదు. ఏడో నంబరువి కొంచెం వంకర అతుకులతో, గుండ్రటి వేళ్ల జాడలతో, కొత్తవాడు కట్టినట్టే వస్తున్నాయి. స్టాప్‌వాచీ మొహం వేలాడేశాడు. "ఏమైందయ్యా మీ అల్లుడికి? చెయ్యి పడిపోయింది!" చెకింగాయనకి ఆ తిట్టు తేనెలా అనిపించింది. అల్లుడు కట్టినవాటిలో లోపాలున్న రెండు మూడు టైర్లని పక్కన పడేస్తూ లోలోపల నవ్వుకున్నాడు. ఇంటికెళ్లి, చాలాకాలం తర్వాత, పడుకోగానే నిద్రపోయాడు.

అల్లుడి మొహంలోకి కళ మాత్రం వెంటనే రాలేదు. వస్తుందిలే, ఎంత అలిసిపోయాడో అనుకున్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. అల్లుడు చొక్కా విప్పి కింద వాటాలో చాప మీద బోర్లా పడుకున్నాడు. "వీపంతా పట్టేసింది మామయ్యా. మీ అమ్మాయి వంగలేకపోతోంది. కొంచెం బామ్ రాస్తారా?"

"మామగారి చేత ఒళ్లు పట్టించుకునే అల్లుణ్ని నిన్నే చూశాను" అని వేళాకోళమాడుతూ చెకింగాయన పక్కన కూర్చున్నాడు. వేళ్ల మీద బామ్ వేసుకుని భుజాల దగ్గర మొదలుపెట్టాడు. అల్లుడు హాయిగా మూలిగాడు.

ఎడమ భుజం కింద వేలు ఆగింది.

అలవాటు పడిన వేలు కదా, మెదడుకంటే ముందే తెలుసుకుంది. చర్మం కింద సన్నటి గట్టు. ఏటవాలుగా, తిన్నగా, వంకర లేకుండా నడుం వైపు దిగుతోంది. ఒక అంచు మీదికి ఇంకో అంచు ఎక్కించి... రోలరు తిప్పినట్టు... నున్నగా. కంటికి ఏమీ కనపడటం లేదు. మామూలు వీపు. వేలికి మాత్రం...

అతుకు.

ఆయన దాని వెంటే వెళ్లాడు. వెళ్లకుండా ఉండలేకపోయాడు. నడుం దగ్గర అది ఆగింది. అక్కడ... శనగ గింజ కూడా పట్టనంత గుంట. సగం చంద్రుడు.

నొక్కితే దిగింది. తిరిగి పైకి లేవలేదు. ఇంకా పచ్చిగా ఉంది.

"ఏంటి మామయ్యా, ఆగిపోయారు?"

ఆయనకి పారిపోవాలనిపించింది. కానీ ఎక్కడికి పారిపోతాడు? చాప మీదున్నది కూతురి మొగుడు. పై వాటాలో ఉన్నది కూతురు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. ఒంట్లో ఉన్న అలుపంతా ఒకచోట చేరి బరువుగా కూర్చుంది. ఇంత అలుపు ఉన్నవాడికి ఇంకాస్త అలుపు ఒక లెక్కా అనుకున్నాడు. అరచెయ్యి చాపి అల్లుడి వీపు మధ్యలో నిండుగా వేశాడు.

"తీసుకున్నా" అన్నాడు, మెల్లిగా.

అల్లుడు తలెత్తాడు. "ఆదివారం కూడా షిఫ్టేనా మామయ్యా?" అని నవ్వాడు. నిజమైన నవ్వు. ఎన్నాళ్లకో.

చెయ్యి కింద గట్టు మెల్లిగా పల్చబడింది. పల్చబడి... పోయింది. వెతికి వెతికి చూశాడు. గుంటా లేదు. వీపు వీపులా ఉంది. అల్లుడు అప్పటికే గురక పెడుతున్నాడు.

చెకింగాయన వంటింట్లోకి వెళ్లి చొక్కా పైకెత్తాడు. "ఏమోయ్, నా వీపు ఒకసారి తడిమి చూడు. గట్టులాంటిదేమైనా తగులుతోందా?"

ఇల్లాలు తడిచేతులు తుడుచుకుని భుజాల నుంచి నడుం దాకా నిమిరింది. "ఏమీ లేదే. ముడతలు తప్ప."

"సరిగ్గా చూడు. నడుం దగ్గర."

"లేదండీ బాబూ! నున్నగా ఉంది. ఏమైంది మీకివాళ?"

ఆయనకి అర్థం కాలేదు. తన మీదికి రాలేదు. అల్లుడి మీద లేదు. తీసుకున్నానని తనన్నాడు గానీ... ఇచ్చినవాడు ఒప్పుకోవాలి కదా. 'నువ్వూ అంతే' అన్న గుసగుస గుర్తొచ్చింది. మరి ఎక్కడికి...

మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. కూతురు గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగివస్తోంది. మొహం కళకళలాడుతోంది.

"మెల్లిగా దిగు తల్లీ" అంది ఇల్లాలు. "అన్నం సరిగ్గా తిన్లేదు నువ్వు."

"తినబుద్ధి కాలేదమ్మా. నాలుగు రోజుల నుంచీ ఏదీ సహించట్లేదు. ఇదొక్కటే." నాలిక కొంచెం బయటపెట్టి చూపించింది. తెల్లటి బిళ్ల. "చిన్నప్పుడు మావయ్య ఇస్తే ఊసేసేదాన్ని, గుర్తుందా? ఇప్పుడు ఇది నోట్లో లేకపోతే లోపల వీడు ఊరుకోడు. ఒకటే పని వీడికి. అలుపూ లేదు, నిద్రా లేదు."

నవ్వుతూ కుర్చీలోకి వాలి, బిళ్లని ఎడం బుగ్గలోంచి కుడి బుగ్గలోకి మార్చుకుంది.

టక్.

చెకింగాయన ఇంకా చొక్కా పైకెత్తుకునే నిలబడి ఉన్నాడు. కూతురి నోరు మూసే ఉంది. బిళ్ల కదలడం లేదు. ఆమె అరచేతులు పొట్ట మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

టక్... అని ఇంకోసారి వినిపించింది. చాలా చిన్నగా. ఆ చేతుల కిందినుంచి.